తలకింత

మెస్ కమిటీలో నాకు ఓటు లేదు.
మినిట్స్ రాయడం నా పని.
మాటలు ఒడియాలో, కాగితం ఇంగ్లీషులో,
వంటశాల ఒక్కటే ఇక్కడ తెలుగులో పోపు వేస్తుంది.

పందొమ్మిదేళ్ళుగా బరంపురంలో ఒకటే లెక్క చేస్తున్నాను:
నెల ఖర్చు పైన, తలలు కింద,
మధ్యన ఒక గీత.
కింద ఒక తల తగ్గితే
మిగిలిన తలల మీద బరువు పెరుగుతుంది.
పప్పు అదే, పొయ్యి అదే, వంటవాళ్ళ జీతం అదే.
కిందటేడు ఆగస్టులో మూడొందల పన్నెండు మంది,
జనవరికి రెండొందల నలభై.
బిల్లు కట్టలేక ఒకడు లేచి వెళ్తే
వాడి వాటా పక్క కంచంలో పడుతుంది,
రెండు నెలలకి ఆ పక్కవాడూ లేస్తాడు.
దీన్ని ఫైల్లో రేటు సవరణ అంటారు.

గదికి ఇంత, మంచానికి ఇంత,
ఇంకా పగలగొట్టని కిటికీ అద్దానికి ముందుగా ఇంత.
అభివృద్ధి అని ఒక గడి ఉంది.
అందులో ఏం పెరుగుతుందో
నేనూ అడగలేదు.

దసరా సెలవులయ్యాక జరిగిన మీటింగుకి
పిల్లల తరఫున సూరాడ ధనేశ్వరి వచ్చింది.
గోపాలపురం రేవు పిల్ల. ఎమ్మే చరిత్ర, రెండో ఏడు.
ఫ్యాను గాలి అందని చివరి కుర్చీ.

వార్డెన్ పాణిగ్రాహి గారు ఆరో అంశం చదివారు:
ఆదివారం చేప, కిలో మూడొందల ఎనభై.
"ఏ చేపండీ?" అందా పిల్ల.
పెన్నులన్నీ ఒకేసారి బల్ల మీదికి దిగాయి.
కానాగంతలు, అన్నాడు కాంట్రాక్టరు, తలెత్తకుండా.
"శుక్రవారం తెల్లారి మీ మనిషికి తట్ట ఎత్తింది మా అమ్మే.
కిలో నూట పది. ఐసు కూడా ఆవిడదే."
అంతా ఒడియాలోనే అంది.
ఆఖరి ముక్క మాత్రం తెలుగులో, బల్లతో అన్నట్టు:
"రేవు నుంచి ఇక్కడికి ఆటో ఎక్కి వచ్చిందేటి,
ముందు సీట్లో కూకుని?"

సభ్యురాలు ధరపై వివరణ కోరారు
అని రాశాను.

చేప మీద తలకి నెలకి నలభై తగ్గించారు.
టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి.
తొమ్మిదో అంశం: శీతల పెట్టె కరెంటు, తలకి నలభై అయిదు.
ఎవరూ కిక్కురుమనలేదు. నేనూ రాసేశాను.

పిల్ల మళ్ళీ లేచింది.
"నవంబరు నుంచి మే దాకా
తాబేళ్ళు గుడ్లు పెట్టుకునే కాలం.
మోటారు పడవలు ఇసకలోనే ఉంటాయి.
మీ రెండో సెమిస్టరు ఫీజు జనవరి ఇరవైకి.
రేవు పిల్లలకి జూన్ దాకా గడువివ్వండి.
తాబేలుకి ఇచ్చారు కదా."

అధ్యక్షులు నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు.
"యూనివర్సిటీకి సముద్రంతో ఏం పనమ్మా?"
ఆయన తల వెనక గోడ మీద మా యూనివర్సిటీ ముద్ర,
ఒక కెరటం, దాని మీద తెరచాప పడవ.
నేను చూశాను, ధనేశ్వరి చూసింది.
ఆయన వెనక్కి తిరగలేదు.

అంశం వాయిదా.

రాత్రి ఆఫీసులో ఒక్కడినే కూర్చుని గీత గీశాను.
ఈ నెల తలలు రెండొందల తొంభై.
భాగించాక ఎప్పటిలాగే పైసలు మిగిలాయి,
తలకి అరవై రెండు.
పందొమ్మిదేళ్ళుగా దాన్ని పై రూపాయికి జరుపుతూ వచ్చాను,
అలవాటు, రూలూ అదే.
ఈసారి కిందికి జరిపాను.

మొత్తం నూట డెబ్భై తొమ్మిది రూపాయల ఎనభై పైసలు.
రేవు ధరకి కిలోన్నర కానాగంతలు,
పైన కొంచెం చిల్లర.
మార్చిలో ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు,
నా జీతంలో కోస్తారు.

కొయ్యనీ.
ఏ అంశం కింద రాస్తారో చూడాలి.