నాలుగు వేళ్ల ఎత్తు

నిన్న సాయంత్రం కితామిలో
ఉల్లిపాయల గోదాము వెనక
మంచుపురుగులు కనిపించాయి.
ఒంటినిండా తెల్లటి నూగు. ఎగరవు, తేలతాయి.
అవి కనిపించిన పదిరోజులకు మంచు పడుతుందని
ఇక్కడ అందరూ అంటారు.
స్వెటరు మీద వాలినదాన్ని ఊదేసి
ఇంటికొచ్చి జాకీ బయటికి తీశాను.

నా బండి పొట్టిది కాదు, నేనే పొట్టి చేశాను.
చక్రానికీ పైరేకుకీ మధ్య
చిటికెన వేలు కూడా దూరదు.
వేసవంతా రోడ్డుకి ముక్కు రాస్తూనే ఉంది,
ఏ తప్పు చేసిందో ఎవరికీ తెలియదు.
అబషిరి దాకా సముద్రం పక్క రోడ్డు మీద
తారులో ఒక్కో అతుకూ
నా వెన్నులో ఒక్కో పూసకీ కబురు చెప్పి పోయేది.
నేల విడిచి సాము చేయొద్దంటారు కదా,
అక్షరాలా పాటించాను.

పోయిన జనవరిలోనూ పాటించాను.
తెల్లారుజామున నాలుగింటికి
లారీలు తొక్కిన రెండు చాళ్ల మధ్య
గట్టిపడ్డ మంచుదిమ్మ మీద
కడుపు ఆనించి కూర్చుంది బండి.
తాబేలు వెల్లకిలా పడితే అర్థముంది,
ఇది బోర్లా పడి కాళ్లాడిస్తోంది.
అప్పుడొచ్చాడు ఇవామురా,
నలభై ఏళ్లు మంచు తోసే రైలింజను నడిపినవాడు,
చేతిలో పార.
"మునిసిపాలిటీ నీకు జీతమివ్వాలమ్మాయ్,
రోడ్డు ఊడ్చిపెడుతున్నావు" అన్నాడు.
నవ్వలేదు. తవ్వాడు.

ఇవాళ మొదట బంపరు కింది పెదవి విప్పాను.
మూడుచోట్ల చిట్లింది.
పాత దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టాను.
వెడల్పు చక్రాలు పోయి సన్నవి వచ్చాయి,
గోటితో నొక్కితే లొంగే మెత్తటి రబ్బరు.
ఆ తర్వాత స్ప్రింగుల కింది కడియాలు.
కుడి ముందుది తిరిగింది.
ఎడమ ముందుది గొణుక్కుంటూ తిరిగింది.
కుడి వెనకది అరడబ్బా నూనె తాగి దారికొచ్చింది.
ఎడమ వెనకది మాత్రం
పోయినేటి రోడ్డు ఉప్పుతో కాపురం పెట్టేసింది.
దించేటప్పుడు ఎంత సులువుగా దిగిందో
ఎత్తబోతే అంత బిగుసుకుంది.
సుత్తితో కొట్టాను, బతిమాలాను,
చేసినవాడి వంశమంతా తిట్టాను.
మెటికల మీద తోలు లేచింది.

ఇవామురా కంచె అవతలి నుంచి లైటు పట్టుకొచ్చి
బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.
"పట్టాల మధ్య మంచు గీరడానికి రెక్క దించుతాం.
గేటు వచ్చిందా, ఎత్తెయ్యాలి.
ఒక్కసారి ఎత్తడం మరిచాను, డెబ్బైతొమ్మిదిలో."
తర్వాత ఏమైందో చెప్పలేదు.
నేను అడగలేదు.
లైటు కాసేపు స్ప్రింగు మీద కాక
నా చేతుల మీద పడింది.

పద్నాలుగు చుట్లు తిరగాలి.
చీకటి పడేసరికి పదకొండు తిరిగింది.
చాల్లే అన్నాడు. చాలదని ఇద్దరికీ తెలుసు.
మూడు మూలలు నాలుగు వేళ్ల ఎత్తు,
నాలుగోది మూడే.

వెనక చక్రాలకు బరువు కావాలి.
ఇసుక కొనలేదు.
గోదాములో మొలకలొచ్చి అమ్మకానికి పనికిరానివి
రెండు బస్తాల ఉల్లిపాయలు,
రెండూ కుడిపక్కకే సర్దాను.

తొమ్మిదోరోజే పడింది మంచు.
నాలుగింటికి బయల్దేరాను.
జనవరిలో ఇరుక్కున్నచోటు దాటాను,
కింద ఏమీ తగల్లేదు.
ఆ నిశ్శబ్దం నాకు అలవాటు లేదు.
సీటు ఎవరిదో, స్టీరింగు ఎవరిదో.
వెన్నుకి కబురు చెప్పేవాళ్లు లేరు,
ఉల్లిపాయల వాసన తప్ప తోడు లేదు.

రైలు గేటు దగ్గర ఆగాను, ఆగడం చట్టం.
పట్టాల మధ్య మంచు నున్నగా గీరి ఉంది,
ఎవరో సరిగ్గా ఇక్కడికి వచ్చి రెక్క ఎత్తారు.
మెల్లగా దాటుతుంటే
ఎడమ వెనక మూల ఒక్కటే
మంచుగట్టుకి తగిలి గరుక్కుమంది.

హమ్మయ్య, నా బండే.