రసీదు

తుపాకి కొనాలంటావా, చెంగల్రాయా,
ముందు దాన్ని మోసి చూడు.
పలమనేరు సంత కాడినుంచి మా చేను దాకా
భుజాన గడ్డపార ఏసుకోని నడువు.
మూడో మైలుకి నీకే తెలుస్తాది
బొమ్మలో చూసిందానికి బరువుండదని.

మాది పన్నెండు బోరు, జంట గొట్టాలు.
చిత్తూరు కలెక్టరాఫీసు అరుగు మీద
పదకొండు దినాలు పడిగాపులు కాసి
మా తాత తెచ్చిన లైసెన్సు.
ఒంటి గొట్టమే మేలనే వాళ్లుండారు. ఉండనీ.
రెండోది కాల్చేదానికి కాదురా,
మొదటిది కాల్చేటప్పుడు చెయ్యి వణక్కుండా ఉండేదానికి.

నూనె సంగతి చెప్తా, గుర్తు పెట్టుకో.
టెంకాయ నూనె పూసినోడు తుపాకికి పగోడు.
మార్గశిరం చలికి అది పేరుకోని
గుర్రం లెయ్యనంటాది.
కుట్టు మిషను నూనె, రెండు చుక్కలు,
మా అక్క పాత కోక చింపిన గుడ్డ.
అంతే. మూడో చుక్క ఏస్తే అది గర్వం.

తూటాలు హార్లిక్స్ సీసాలో,
అడుగున గుప్పెడు ఏంచిన బియ్యం.
వారు తోలుదే ఉండాల.
నైలాను వారు చెమటకి జారతాది,
మాటిచ్చిన మేస్త్రీ మాదిరి.

నీ ఫోన్లో చూపిస్తివే నల్ల లైటు,
అయిదు రకాలుగా మినుకుతాదని,
ఏనుక్కి ఒక రకం చాలప్పా.
నాది ఇత్తడిది, మూడు సెల్లులు.
ఆరిపోతే సుత్తి.
నీది ఆరిపోతే ఏంది?

వంట్లో వేడి పుట్టిస్తాదంటివే ఆ చొక్కా,
దాని జేబులు లెక్క పెడితి, పద్నాలుగు.
ఒక బీడి కట్ట, ఒక అగ్గిపెట్టె, ఒక ఈల.
మిగతా పదకొండులో ఏం పెడతావు, భయమా?

సరే, అసలు సంగతి.
మొన్న ఎలక్షన్లకి తుపాకులన్నీ
టేషన్లో పెట్టమనిరి. పెడితి.
రైటరు దాని మెడకి దారం కట్టి
అట్ట తగిలించె, నలభై ఏడు.
పొరక పక్కన ఆనించె.
నాకు రసీదు రాసిచ్చె.

ఆ వారంలోనే దిగినాయి,
కౌండిన్య అడివి నుంచి, మూడు.
మంచె మీద నేను, జేబులో రసీదు.
చెయ్యి దానంతటదే కుడి పక్కకి పొయ్యె,
ఉత్త కంబళి తగిలె.
పెద్దది గెనిమి మీద నిలబడుండె.
లైటేస్తి.
అంత ఒళ్లుకి చింతగింజంత కన్ను.
ముప్పై ఏండ్లుగా దాన్ని నేను బెదిరిస్తా ఉండానని
దానికెవురూ చెప్పినట్టు లేదు.
వాటిని కాల్చకూడదు, తెలుసు గదా,
మనం కాల్చేదంతా గాల్లోకే.
మా తాత, మా నాయిన, నేను,
మూడు తరాలు కాల్చింది ఆకాశాన్ని.

కింద మా ఇంటిది
అన్నం తట్టని రాయితో వాయిస్తా ఉండె.
"పో సామీ, పో నాయినా,
ఆ పక్క పట్టాభోళ్ల అరిటి బాగుండాది, పో!"
పొయ్యిందో, తిన్నాక పొయ్యిందో,
తెల్లారి చూస్తే అరెకరా చెనిక్కాయ చెట్లు పీకి,
మట్టి దులిపి మరీ తినుండాది.
మా కూలోళ్లు కూడా అంత శుభ్రంగా దులపరు.

ఓట్లు లెక్కబెట్టిన పది దినాలకి
తుపాకి వాపసిచ్చిరి.
ఎండకి పెట్టి ఒక కన్ను మూసి చూస్తి.
కుడి గొట్టంలో గుండ్రంగా వెల్తురు.
ఎడమ దాంట్లో సాలిపురుగు
గూడు కట్టుకోని కూచునుండె,
నడి మధ్యన, లైసెన్సు దాని పేరునే ఉన్నట్టు.
మామూలుగా అయితే ఊచ పెట్టి దోస్తా.
ఆ పొద్దు ఎందుకో దోయలా.
ఇంకా దోయలా.

రసీదు తిరిగియ్యమనె రైటరు.
యాడో పారేసుకుంటినంటి.
అబద్ధం. అది హార్లిక్స్ సీసాలో ఉండాది,
బియ్యం మీద, తూటాల పక్కన.

కొనాలంటే కొను, చెంగల్రాయా, వద్దనలా.
లైటు మాత్రం ఇత్తడిది చూసుకో.