అతిథి బక్కెట్టు

ఫలోంబె దాటాక తారు అయిపోయింది.
ఆ పైన మట్టిరోడ్డు, ఆ పైన మినీబస్సు ఓపిక.
మొక్కజొన్న చేల మధ్య దిగేసరికి
పిల్లలు "మ్వేన్యే! మ్వేన్యే!" అంటూ మూగారు.
మ్వేన్యే అంటే ఇండియా మనిషి,
అంటే కొట్టు పెట్టే మనిషి.
పాపం, చక్కెరా సబ్బులూ వచ్చాయనుకున్నారు.
నా పెట్టెలో ఉన్నవి నలభై గాజుసీసాలు,
నీళ్లు మంచివో కావో చెప్పేవి.

ఫాలెసి ఇంట్లో నాకు చాప వేశారు.
పెరట్లో గడ్డితో అల్లిన స్నానాల దడి,
లోపల రోజూ తెల్లారేసరికి
నిండుగా ఒక బక్కెట్టు.
మొదటి వారం చెంబులు చెంబులు గుమ్మరించుకున్నాను,
తలంటుకున్నాను కూడా, రెండుసార్లు.
దడి కిందనుంచి పారిన నురగని
కోళ్లు అనుమానంగా చూసి తాగాయి.

ఎనిమిదో రోజు నిద్రపట్టక బయటికొస్తే
నాలుగింటి చీకట్లో ఫాలెసి బయల్దేరుతోంది,
పాత గుడ్డ మెలితిప్పి చుట్టకుదురు చేసి
నెత్తిన ఖాళీ బక్కెట్టు బోర్లించుకుని.
నేనూ వస్తానన్నాను.
వద్దనలేదు. "నీ చెప్పులు జారతాయి" అంది.

వాగు ఎండి ఇసుకైన చోట మోకాటి లోతు గుంట.
చిప్పతో తోడి, ఆగి, ఊరనిచ్చి, మళ్లీ తోడి.
మాకంటే ముందు ఏడుగురు, కొన్ని మేకలు.
మా వంతు వచ్చేసరికి
ములాంజె కొండ నెత్తిన ఎండ పడింది.

తిరుగుదారిలో నేను మోస్తానన్నాను.
నూట పది అడుగులు మోశాను,
లెక్కపెట్టాను కనుక తెలుసు.
మిగతా దారంతా తనే,
చెయ్యైనా ఎత్తకుండా,
ఎవరిదో పెళ్లిలో జరిగిన గొడవ చెబుతూ.

ఇంటికొచ్చి ఆ బక్కెట్టు
తిన్నగా స్నానాల దడిలో పెట్టింది.
"ఇది నీది. ఇంటికి ఇంకోటి తేవాలి."
లెక్క చెప్పినట్టే అంది, నేరం మోపినట్టు కాదు.

ఆ పూట ఒక్క చెంబుతో ఒళ్లు కడుక్కున్నాను.
మిగిలింది వంటింటి ముందు పెడితే
ఫాలెసికి కోపం వచ్చింది.
అతిథి మట్టికొట్టుకుని తిరిగితే
ఊరు ఎవర్ని తిడుతుంది?

మర్నాటికి సీసాలు నల్లబడ్డాయి,
పన్నెండుకి పన్నెండూ, కాటుక నింపినట్టు.
అరుగు మీద వరసగా పెట్టి గంభీరంగా వివరించాను.
లోంజెజో తర్జుమా చేశాడు.
ముసలి ఎనిఫా ఒకటి ఎత్తి ఎండలో తిప్పి చూసింది.
"ఇది చెప్పడానికి ఎన్ని విమానాలు ఎక్కావు?"
మూడు.
"మా కడుపులు ఎప్పుడో చెప్పాయి."

బడి పక్కన నీలం పంపు,
చెయ్యి పైకెత్తి అలాగే బిగుసుకుపోయి ఉంది.
దాని సిమెంటు పళ్లెంలో ఎవరో మొక్కజొన్న ఆరబోశారు.
లోపల రబ్బరు వాషరు అరిగిందట,
బొటనవేలంత.
కమిటీకి డబ్బా ఉంది, తాళం ఉంది.
డబ్బు ఒక శవపెట్టెకి పోయింది.
ఎవరికని నేను అడగలేదు.
ఫాలెసి సీసాలన్నీ బుట్టలో సర్దింది,
గుడ్లు సర్దినంత మెల్లగా.

వాషరు నేను కొంటానంటే ఎనిఫా ఒప్పుకోలేదు.
"నువ్వెళ్లాక ఇంకోటి అరుగుతుంది."
ఇంటికో డబ్బా కందులు పోగుచేసి
లింబెలో ఇంకో మ్వేన్యేకి అమ్మారు.
అవి ఓడెక్కి మా దేశమే వెళ్తాయట.
ఇన్నేళ్లూ ఎవరి పప్పు తిన్నానో.

స్పానర్ల సంచీతో సైకిలు మీద జియోనె వచ్చింది,
వీపున పసిపిల్ల.
కడ్డీలు ఒక్కొక్కటే పైకి లాగుతుంటే
పట్టుకోవడానికి పదిమంది, నేను పదకొండోదాన్ని.
నా చేతికి పిల్లనిచ్చారు.
ఆరు వారాల నా సేవలో
నికరంగా పనికొచ్చింది ఆ గంటన్నరే.

మొదట గాలి, తర్వాత తుప్పు,
ముసలాడి దగ్గులాంటిదేదో,
తర్వాత నీళ్లు.
ఎవరూ కేకలు వెయ్యలేదు.
మొక్కజొన్న తడుస్తోందని ఒకామె పరుగెత్తింది.

వాడని సీసాలు అక్కడే వదిలేసి వచ్చాను.
ఫాలెసి వాటిలో గుమ్మడి గింజలు పోసి
మూతలు బిగించిందని లోంజెజో కబురు.
నల్లది ఒకటి మాత్రం ఎనిఫా దగ్గరుంది.
పారబొయ్యమని ఎన్నిసార్లు చెప్పినా వినదు.
ఈసారి ఎవరైనా పెట్టె మోసుకుని దిగితే
ముందు అది చూపిస్తుందట.