మెరక

కప్పు మూత తిప్పి చూపించాను.
లోపల గోరంత ఫిల్ము.
మూడు నెలలు ఈ గది గాలిని కనిపెట్టుకుని ఉంటుందన్నాను.
"ఫొటో తీస్తాదా?" అంది మంగతాయారు.
ఫొటో కాదమ్మా, గాట్లు.
కంటికి కనబడనిది తగిలిన చోటల్లా
ఒక గాటు.

మామిడికుదురు దాటాక, కాలువ రెండుగా చీలే చోట
నలభై ఇళ్లలో వేలాడదీశాను వాటిని,
దండెం తాళ్లకి, ఫ్యాను కొక్కేలకి,
ఓ ఇంట్లో ఉయ్యాల గొలుసుకి.
తెచ్చి, కాస్టిక్ సోడాలో ఉడికించి
మైక్రోస్కోపు కింద లెక్కపెడితే
ముప్పై తొమ్మిది ఇళ్లు
నాలుగు చినుకులు పడి ఆగిన వాకిళ్లు.
ఒక్క ఇంట్లో, ఒక్క గదిలో
జడివాన.

ముందు ఇసుకని అనుమానించాను.
గోదారి ఎన్ని కొండల్ని నమిలి తెచ్చిందో ఎవరు చూశారు?
డబ్బాలో పోసి మూత బిగించి నెల్లాళ్లు ఉంచాను.
ఏదీ ఒప్పుకోలేదు.
లంకమట్టి ఇటుక, ఊకలో కాలినదే,
అదీ నోరు విప్పలేదు.
వంటగట్టు గ్రానైటు మీద నా చూపు ఆగితే
"మా మరిది వేయించాడండి" అని కొంగుతో తుడిచింది,
రాయి తరఫున తనే సాక్ష్యం చెబుతున్నట్టు.
రాయిలో కొంచెం ఉంది.
అంత లేదు.

తాపీమేస్త్రి చొల్లంగి వీర్రాజు
ఇప్పుడు కళ్లు మసక, వేళ్లు మాత్రం
ఇంకా తాపీ పట్టుకున్నట్టే వంకర.
"ఒకే బట్టీ ఇటుక, ఒకే ర్యాంపు ఇసుక.
తేడా అంటూ ఉంటే కిందుండాలండి.
తుపాను నీళ్లొచ్చాక ఆ గదొక్కటే మెరక చేశాం."
దేనితో?
చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు.
"తెల్లటిదండి. చౌడు విరగడానికి ఇచ్చిన జిప్సం.
పొలంలో చల్లగా రెండు ట్రాక్టర్లు మిగిలితేనూ..."

గచ్చు ఓ మూల పగలగొట్టాం.
తడి సుద్దలా వేలికి అంటుకుంది.
ఏ దేశంలో ఎప్పుడు ఎండిన సముద్రమో,
రాయై, ఓడెక్కి వచ్చి, యాసిడ్‌లో కరిగి
ఎరువంతా బస్తాల్లోకి పోగా
మిగిలిన పిప్పి.
రేడియం ఆ పిప్పినే పట్టుకుని ఉండిపోయింది.

"మా నేలని తీపి చేసిందండి అది" అంది.
అబద్ధం కాదు.
ఉప్పు తేలిన ఆ ఎకరంన్నర
మొదటిసారి పొట్టకొచ్చిన ఏడు
ధాన్యం బస్తాలు ఈ గదిలోనే పేర్చారట.
ఇప్పుడా చేను రొయ్యల చెరువు.
దాని కంపు భరించలేకే
కిటికీలు మూసి ఏడేళ్లు.

నాలుగు రోజులు తిరక్కుండానే సగమైపోయే వాయువు,
తలుపు తీసి ఉంటే
వచ్చిన దారినే పోయేది.
రిపోర్టులో 'మూలం' అని ఒక్కటే గడి.
జిప్సం అని రాశాను.
పెన్ను మూత పెట్టబుద్ధి కాలేదు.

"ఇంతకీ దాని వాసన ఎలాగుంటాదండీ?"
వాసన ఉండదమ్మా.
కాసేపు నన్నే చూసి
తుప్పు పట్టిన గడియని రోకలితో రెండు దెబ్బలు కొట్టింది.
రెక్క తెరుచుకుంది.
కుళ్లిన మేత కంపు గదంతా నిండింది.
కొంగు ముక్కుదాకా తెచ్చి,
ఎందుకో వదిలేసింది.