బొగ్గు పద్దు

జూన్ నెలలో బొగ్గెందుకు?
నా వేలు అక్కడే ఆగిపోయింది.

హాలిఫాక్స్ పాత రికార్డుల గది.
పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిది నాటి
థిర్జా సట్‌క్లిఫ్ గారి ఇంటి ఖర్చుల పుస్తకం.
సబ్బు, ఓట్లపిండి, గుర్రానికి లాడాలు,
కింద బొగ్గు, నాలుగు పౌండ్లు.
జూలైలో బొగ్గు.
కొండలన్నీ ఊదారంగు పూలు కప్పుకునే ఆగస్టులోనూ
బొగ్గే.

మూడు నెలలకోసారి మరిది సైలస్ వచ్చి
టీ చల్లారేదాకా పద్దులు తిరగేసేవాడట.
అన్న పోయాక ఉన్ని మిల్లు అతని చేతికొచ్చింది,
వదిన పెన్నీలకు కాపలా కూడా.
ఏ నెలలో ఎంత బొగ్గు కాలుతుందో
అతనికేం తెలుసు,
పొయ్యి ముందు ఎన్నడైనా వంగినవాడు గనకనా?

జనవరి పేజీలు చూడండి.
ఆదివారం బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలు
వణికి, గీతలు దాటి, మూలలకు జారాయి.
ఒకచోట సిరా గడ్డకట్టి
పాళీ కాగితాన్ని చీరింది.
బొగ్గు మీద అంత ఖర్చు రాసిన ఇంట్లో
అంత చలి!

పుస్తకం అట్ట లోపల ఓ ఉత్తరం దొరికింది.
రంగుల కార్ఖానా మేస్త్రీ కూతురు
హెస్టర్ గ్రీన్‌వుడ్,
ఆడపిల్లల కాలేజీ నుంచి:
"అమ్మగారూ, మీ బొగ్గు అందింది.
ఈ నెల దాంతో గ్రీకు క్రియలు కాల్చాను,
గ్రహాల దారుల లెక్కలు సగమే అంటుకున్నాయి.
పరీక్ష రాయనిస్తారట, పట్టా ఇవ్వరట.
అయినా పంపుతారా?"

జవాబు దొరకలేదు.
దొరికిందల్లా మరుసటి నెల పద్దు:
బొగ్గు, ఎనిమిది పౌండ్లు.
పక్కనే చిన్నగా, పొరపాటున జారిందో,
ఇక దాచడం విసుగనిపించిందో,
"ఇద్దరికి."

సైలస్ దాని కింద కూడా సంతకం పెట్టాడు.

సాయంత్రం నాలుగైంది, బయట సన్నగా వాన.
జాబితాలో ఈ పుస్తకానికి నేను గడులు నింపాలి.
పేరు, ఊరు, సంవత్సరం రాశాను.
"విషయం" దగ్గర కాసేపు
చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాను.
తర్వాత "ఇంటి ఇంధనం" అని రాసి
కొట్టెయ్యకుండా వదిలేశాను.