నలభై ఎనిమిదో వంతు సీ విక్సెన్

రెండు తోకదూలాలూ మళ్ళీ కలవలేదు.
అర మిల్లీమీటరు ఎడం.
పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, తిట్టుకుని,
మళ్ళీ పుట్టీ.
ముక్కులో గాలపు సీసం గుళ్ళు కుక్కాను;
లేకపోతే తోక మీద కూలబడుతుంది, మొండిఘటం.

షెడ్డు రేకుల మీద యోవిల్టన్ వాన.

పైలట్‌కి ఎడమ పక్కన గాజు బుడగ.
కుడి పక్క చీకటి గూట్లో రాడార్ చూసేవాడు.
బొగ్గుల కొట్టు అనేవాళ్ళం దాన్ని.
అందులో డెన్‌జిల్ ట్రస్కాట్‌కి
బెల్టు బిగించి భుజం తట్టేవాణ్ణి,
ఆ చివరి గురువారం దాకా.

మూడు వెంట్రుకల కుంచెతో
అతని కనుబొమలు దిద్దుతున్నాను.
"మూత అతికించేశాక ఎవరికి కనబడతాడు?"
టీ కప్పు పెడుతూ మావిస్.

అతనికీ పెద్దగా కనబడేది కాదు ఆకాశం.

జిగురు సీసాకి మూత పెట్టాను.
అతని మీద ఇంకా పెట్టలేదు.