డిప్లొమా

పందొమ్మిదేళ్లు గంట కొట్టాను
కంచరపాలెం బడిలో.
ఎవరి టీసీ ఏ బీరువాలో ఉందో
నన్నడిగాకే హెడ్మాస్టరుకి తెలిసేది.

పరీక్షలో మొదటి ప్రశ్న:
పాఠశాల నిర్వహణ అనగానేమి?
పెన్ను కదల్లేదు.

కారే కుళాయికి గుడ్డ చుట్టడం రాయనా?
హుద్‌హుద్ వెళ్లిన మర్నాడు
తడిసిన హాజరుపట్టీలు ఒక్కో పేజీ విడదీసి
మేడమీద గులకరాళ్లు పెట్టి ఎండేసిందీ,
ఉప్పుగాలికి బిగుసుకున్న తాళంలో
కొబ్బరినూనె చుక్క వేసిందీ?

పుస్తకంలో ఉన్నదే రాశాను. ఐదు లక్షణాలు.
అరవై రెండు శాతం.

సర్టిఫికెట్టులో నూకరత్నానికి బదులు
నూకరాజు అని పడింది.
దిద్దించాలంటే అర్జీ పెట్టాలట.
అలాంటి అర్జీలు
ఎంతమంది పిల్లలకి రాసిచ్చానో!

ఇవాళ ఆఫీసు కుర్చీలో కూర్చున్నాను.
గంట ఇంకెవరో కొట్టారు.
అరనిమిషం లేటు.